ప్రేమలేఖ - శుభలేఖ

2000వ సంవత్సరం మే 4వ తేదీన ప్రపంచంలో లక్షలాది మందికి ఒకే ప్రేమలేఖ అందినది. "నిన్ను ప్రేమిస్తున్నాను" అన్నది దాని శీర్షిక. ఈ-మెయిలుకు జతపరచిన ఉత్తరాన్ని చూడవలసినదని అందులో ఒక విన్నపం. పంపినవారు అపరిచితులు కారు. తోటి ఉద్యోగి, పై అధికారి, ఏనాటి స్నేహితుడో. కుతూహలం ఎవరికి కలుగదు? తెరచినారు. తెరచినంతనే అది వారి కంప్యూటరులోని చిత్రాలను, మరికొన్ని పత్రాలను చెరిపి, వాటి స్థానంలో తన ప్రతిని నిలిపినది. వారి చిరునామా పుస్తకంలో ఉన్నవారందరికీ వారి పేరుతోనే తన్ను తాను పంపుకొన్నది. బ్రిటిషు పార్లమెంటు సైతం తన ఈ-మెయిలును కొంతసేపు మూసివేయవలసి వచ్చినది. పుట్టినది మనీలాలో, పుట్టించినవాడు కంప్యూటరు విద్య చదివిన ఒక యువకుడు. అట్టి పనిని నేరమనే శాసనం ఫిలిప్పైన్సులో నాటికి లేదు గనుక అభియోగాలు నిలువలేదు. జూన్‌లో ఆ దేశం చట్టం చేసుకొన్నది. మన సమాచార సాంకేతిక చట్టం అమలులోకి వచ్చినది కూడా ఆ ఏడే, అక్టోబరు 17న.

భాష బోధించేవాడిని గనుక నన్ను ఆకర్షించినది ఆ పత్రం పేరు. దానికి రెండు ప్రత్యయాలు. మొదటిది టి.ఎక్స్.టి.; అనగా చదువుకొనే సాదా పాఠం. దాని వెనుక వి.బి.ఎస్.; అనగా యంత్రం చేత పని చేయించే ఆజ్ఞల వరుస. కంప్యూటరుకు చివరి ప్రత్యయమే ప్రమాణం. కాని విండోస్ యంత్రాలు తమకు తెలిసిన చివరి ప్రత్యయాన్ని, చూచేవారికి అనవసరమని కాబోలు, తెరపై చూపక దాచేవి. మనిషి చదివినది పాఠం. యంత్రం చదివినది ఆజ్ఞ. తెలుగువారికి ఇది వింత కారాదు. "అడిగిన పని చేసి" అన్నంతవరకు విని లేచిపోతే ఏమి తెలిసినట్లు? తరువాత "పెట్టినాడు" అనవచ్చు, "పెట్టలేదు" అనవచ్చు. మన వాక్యంలో అవునో కాదో తేలేది చివరనే గదా!

ఆ ప్రేమలేఖ కాలం తీరినది. దాని సంతతి నేడు శుభలేఖ రూపంలో మన ఇండ్లకు వస్తున్నది. మా మిత్రుడొకరు ముప్పది ఏండ్లు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నారు. పూర్వ విద్యార్థి నంబరు నుండి వాట్సాప్‌లో వచ్చిన పెండ్లి పిలుపును ఆయన తెరచినారు. దాని పేరు చివర ఏ.పి.కె. అని ఉన్నది. శుభలేఖ అయితే చిత్రమో, పి.డి.ఎఫ్. పత్రమో కావలెను. ఏ.పి.కె. అంటే ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను స్థాపించే పొట్లం. అది ఏవేవో అనుమతులు అడిగినది. ఆశీర్వదించే తొందరలో ఆయన అన్నిటికీ సరే అన్నారు. ఎస్.ఎం.ఎస్.లు చదివే అనుమతి చిక్కిన పిదప, బ్యాంకు పంపే ఓ.టి.పి. ఖాతాదారుతో పాటు దొంగకూ చేరుతుంది. తెల్లవారేసరికి ఆయన పొదుపులో పెద్ద భాగం లేదు. విచారించగా, ఆ విద్యార్థికి పెండ్లీ లేదు, పంపిన ఎరుకా లేదు. అతని ఫోను అంతకుముందే అదే విధంగా పరుల చేతిలో పడినది.

దురాశ ఉన్నవారే మోసపోతారని లోకం అంటుంది. ఇది నేను అంగీకరించను. ఆయనను మోసగించినది, శిష్యుడు తన్ను మరువలేదన్న సంతోషం. అయినా లోకం మాటకు వెరచి ఆయన రెండు రోజులు ఇంట్లో సైతం చెప్పలేదు. పోయిన డబ్బుకంటె ఆ రెండు రోజుల మౌనమే నన్ను ఎక్కువ బాధించినది. 1930 అనే జాతీయ సహాయ నంబరుకు వెంటనే తెలిపి ఉంటే, సొమ్ము ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు మారుతూ మాయమయ్యేలోపల బ్యాంకులు దానిని నిలుపగల అవకాశం ఉండేది. తరువాత తిరిగి వచ్చినది స్వల్పం.

వెబ్ చిరునామాలదీ ఇదే వ్యాకరణం. మొదటి ఏటవాలు గీత వచ్చేవరకు ఉన్న భాగంలో, కుడి చివరి మాటలే యజమానిని తెలుపుతవి. ఎడమవైపు ఎవరైనా ఏ బ్యాంకు పేరైనా తగిలించుకోవచ్చు. అందుకే రిజర్వు బ్యాంకు, మన బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా 'బ్యాంక్ చుక్క ఇన్' అన్న అంత్యానికి మారవలెనని ఆదేశించినది. ఆ పేర్లను నమోదు చేసేది మన హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. సంస్థ. ఒక సూక్ష్మం ఉన్నది: 'బ్యాంక్' అన్న మాటకు ముందు కూడా చుక్క ఉండవలెను. చుక్క లేక ముందరి పేరుతో అంటుకొని ఉంటే అది వేరొకరి ఇల్లు. సున్న ఒకటి జారితే 'కంద' కాస్తా 'కద' అయిపోయే భాష మనది. పిల్లలకు ఈ సంగతి చెప్పడానికి ఉపాధ్యాయులకు కష్టం ఉండదు.

మొన్న మాఘంలో ఆ విద్యార్థికి నిజంగానే పెండ్లి కుదిరినది. స్వయంగా వచ్చి, నాలుగు మూలల పసుపు పూసిన కాగితపు శుభలేఖను గురువుగారి చేతిలో పెట్టినాడు. ఆయన దానిని తిరగవేసి చూచి, అడుగున ఉన్న ముద్రణాలయం పేరు వరకు చదివి గాని కళ్లద్దాలు తీయలేదు.