మత్తు ఇంజెక్షన్లు, హెచ్‌ఐవీ: అపోహలు – వాస్తవాలు

1990 ప్రాంతంలో మణిపూర్‌లో హెరాయిన్ ఎక్కించుకునే యువకుల్లో హెచ్‌ఐవీ చూస్తుండగానే పాకిపోయింది. ఒకే సిరంజి చేతులు మారడమే దానికి ప్రధాన కారణం. ఇన్నేళ్లయినా ఈ విషయంలో మన అపోహలు మాత్రం తొలగలేదు.

అపోహ: నీళ్లతో కడిగితే సిరంజి శుభ్రమైపోతుంది.
వాస్తవం: నరం దొరికిందో లేదో తెలుసుకోవడానికి ప్లంజర్‌ను కాస్త వెనక్కి లాగుతారు. అప్పుడు రక్తం లోపలికి వస్తుంది. మందంతా ఎక్కించాక కూడా సూది మొదట్లో కొంచెం రక్తం నిలిచిపోతుంది. నీళ్లతో కడిగాక మిగిలేది కంటికి కనిపించనంత రక్తమైనా ప్రమాదమే. ప్రయోగశాల పరీక్షల్లో కొన్ని సిరంజిల్లో వైరస్ ఆరు వారాల దాకా బతికే ఉంది. ప్రతిసారీ కొత్త సూది, కొత్త సిరంజి వాడటమే సురక్షితం.

అపోహ: ఎవరి సూది వారిదైతే భయం లేదు.
వాస్తవం: మందు కలిపే చెంచా, వడకట్టే దూది, నీళ్లు పంచుకున్నా ముప్పే. హెపటైటిస్-సి ఈ దారిలోనూ సోకుతుంది. హెచ్‌ఐవీ లైంగికంగానూ సోకుతుంది కాబట్టి భాగస్వామి క్షేమం కోసం కండోమ్ కూడా తప్పనిసరి.

అపోహ: ఉచితంగా సూదులిస్తే మత్తును ప్రోత్సహించినట్టే.
వాస్తవం: సూదులిస్తే వాడకం పెరుగుతుందనడానికి నమ్మదగిన ఆధారాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లోనే తేల్చింది. పాత సూది ఇచ్చి కొత్తది తీసుకోవడానికి వచ్చినవారికే పరీక్ష, చికిత్స గురించి చెప్పే వీలు దొరుకుతుంది. ఇలాంటి సేవలు నేరం కావని మన 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం స్పష్టం చేసింది.

అపోహ: బుప్రెనార్ఫిన్ ఇవ్వడమంటే ఒక మత్తు మాన్పించి ఇంకోటి అలవాటు చేయడమే.
వాస్తవం: ఇది హెరాయిన్ వంటి ఓపియాయిడ్లకు బానిసైనవారికి ఇచ్చే చికిత్స. మాత్రను సిబ్బంది ఎదుటే నాలుక కింద పెట్టుకుని కరిగించుకోవాలి. దీంతో హెరాయిన్ మానితే వచ్చే ఒళ్లునొప్పులు, వణుకు తగ్గుతాయి. సూది అవసరం తగ్గి, మనిషి మళ్లీ పనిలో పడతాడు. ఇలాంటి ప్రత్యామ్నాయ చికిత్సతో హెచ్‌ఐవీ సోకే ముప్పు దాదాపు సగానికి తగ్గిందని పలు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి.

అపోహ: వేరేవాళ్ల సూది వాడేశాక ఇక చేసేదేమీ లేదు.
వాస్తవం: వెంటనే డాక్టర్‌ను కలవాలి. నివారణ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. 72 గంటలు దాటకూడదు. 28 రోజులు వాడాలి. హెచ్‌ఐవీ సలహా, పరీక్షలు అందించే ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. పాజిటివ్ వస్తే వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులూ ఉచితమే. సందేహాలుంటే హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయవచ్చు.

మత్తు మానేయమని మనవాళ్లకు చెప్పాల్సిందే. మానే రోజు వచ్చేదాకా వాళ్లను ఆరోగ్యంగా కాపాడుకోవడమూ మన బాధ్యతే. ఇంట్లోంచి గెంటేస్తే వ్యసనం పోదు, చికిత్సకు దారి మూసుకుపోతుంది.