పొట్లం మీద మాట ఎవరిది?

తిరుమలగిరి చౌరస్తా దాటాక ఓ చిన్న దుకాణంలో మిద్దె తోట కోసం బెండ విత్తనాలు కొన్నాను. ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని పొట్లం వెనక చీమ తలకాయంత అక్షరాలు చదివాను. లాట్ నంబరు. పరీక్ష చేసిన తేదీ. ఎప్పటిలోగా వాడాలో. మొలక శాతం కనీసం 65, భౌతిక స్వచ్ఛత 99. మందు పట్టించిన విత్తనం, తినకూడదన్న హెచ్చరిక. పొట్లం చించితే గులాబీ రంగు అరచేతికి అంటుకుంది.

ఆ అక్షరాల్లో ఒక్కో వరుస ఎవరో ఒకరి ఉద్యోగం. ఫలానా శాతం మొలుస్తుందని లెక్కపెట్టి చెప్పినవాళ్లు, ఆ మాట చట్టానికి నిలుస్తుందని చూసుకున్నవాళ్లు, నిలవకపోతే కంపెనీకి ఎంత మునుగుతుందో ముందే అంచనా వేసినవాళ్లు. కొలువుల ప్రకటనల్లో వీళ్లకి క్వాలిటీ, రెగ్యులేటరీ అఫైర్స్, కంప్లయెన్స్, రిస్క్ అని రకరకాల పేర్లు. అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన పిల్లలు వ్యవసాయాధికారి పోస్టు, బ్యాంకు కొలువు, లేదంటే సేల్స్ అనుకుంటారు గానీ ఈ వైపు తొంగి చూసేవాళ్లు తక్కువ.

తిరుమలగిరిలో ఉన్నవాళ్లకి ఇది కళ్లముందు సంగతే. బోయినపల్లి కూరగాయల మార్కెట్ పక్కనే. అక్కణ్నుంచి కొంపల్లి మీదుగా మేడ్చల్ వైపు వెళ్తే విత్తన కంపెనీల గోదాములు. ఇటు రాజీవ్ రహదారి పట్టుకుని అల్వాల్, హకీంపేట దాటి శామీర్‌పేట చేరితే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం. ఒక దారిలో గింజ, ఇంకో దారిలో చట్టం. రెండూ తెలిసినవాళ్ల కోసమే ఇప్పుడు కంపెనీలు వెతుకుతున్నాయి.

పని ఎలా ఉంటుందంటే, ముందు 400 గింజలు లెక్కపెట్టాలి. నూరేసి చొప్పున తడి కాగితంలో పేర్చి, చాపలా చుట్టి, నియమిత వేడిలో నిలబెట్టాలి. మొక్కజొన్నకు వారం, వరికి 14 రోజులు. చుట్ట విప్పాక మొలిచినవన్నీ లెక్కలోకి రావు. వేరు సరిగా లేనివి, కాండం మెలి తిరిగినవి పక్కకు తీసేయాలి. వరికి 80 శాతం, హైబ్రిడ్ మొక్కజొన్నకు 90 ఉండాలి. 79 వచ్చిందనుకోండి. బయట లారీ నిలబడి ఉంది, డీలరు ఫోన్ మీద ఫోన్. అప్పుడు ‘ఈ లాట్ కదలదు’ అనగలగాలి. నన్నడిగితే ఈ వృత్తి మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. తక్కినదంతా ఫైళ్లు.

చట్టం ఏం చేస్తుందిలే అనుకుంటే పొరపాటు. 1966 విత్తన చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయల దాకానే! ఇవాళ మంచి రకం విత్తన ప్యాకెట్టు కూడా ఆ డబ్బుకు రాదు. భయం అక్కడ లేదు. విత్తన ఇన్‌స్పెక్టరు శాంపిల్‌ను మూడు భాగాలు చేసి ఒకటి అమ్మినవాడికిచ్చి, ఒకటి ల్యాబుకు పంపి, మూడోది కోర్టు కోసం దాస్తాడు. అనుమానం ఉన్న సరుకు అమ్మొద్దని 30 రోజుల దాకా ఆపగలడు. మృగశిర కార్తె ముంగిట 30 రోజులంటే సీజన్ పోయినట్టే. పైగా నిత్యావసర సరుకుల చట్టం కింద కేసైతే జైలు. తెలంగాణ ప్రభుత్వం నకిలీ విత్తన వ్యాపారులను ముందస్తు నిర్బంధం విధించే పీడీ చట్టం పరిధిలోకీ తెచ్చింది. రిస్క్ ఆఫీసరు జరిమానా రసీదును కాదు, క్యాలెండరును చూస్తాడు.

పత్తిలో ఇంకో చిక్కు. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. కలుపుమందును తట్టుకునే పత్తికి రాలేదు, అయినా దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు. గద్వాల పొలాల్లో పండించిన విత్తనంలో ఆ జన్యువు కలిసిందేమో స్ట్రిప్ పరీక్షతో చూసుకోవాలి. కలిస్తే, తెలిసి చేసినా తెలియక చేసినా జవాబు చెప్పేది లేబుల్ మీద పేరున్నవాళ్లే.

విత్తనం దాటితే పురుగుమందులు: రిజిస్ట్రేషన్ కమిటీకి పంపే దస్త్రాలు, డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు. ఆ తర్వాత ఎగుమతులు. యూరప్‌కు వెళ్లే మిరపకాయల్లో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు దాటకూడదు. టన్ను కాయలకు 5 మిల్లీగ్రాములన్నమాట. ఆ విషం ల్యాబులో పుట్టదు. కల్లంలో నేల మీద ఆరబోసిన కాయ మీద అకాల వర్షం పడ్డ రాత్రి బూజుతో పుడుతుంది. ఏసీ గదిలో కూర్చుని ఈ ఉద్యోగం చేయాలనుకునేవాళ్లు అందుకే రాణించరు. రొయ్యల్లోనూ అంతే. యాంటీబయాటిక్ అవశేషాల అనుమానంతో 2016లో యూరప్ మన చెరువుల రొయ్యల శాంపిళ్ల తనిఖీని 10 నుంచి 50 శాతానికి పెంచేసరికి, ప్రాసెసింగ్ ప్లాంట్లలో కాగితాలు రాసేవాడి విలువ ఒక్కసారిగా తెలిసొచ్చింది.

చదువుకు ఊరు దాటక్కర్లేదు, నగరం ఆ చివరకు వెళ్తే చాలు. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ పురుగుమందుల విశ్లేషణలో, క్వారంటైన్ పద్ధతుల్లో శిక్షణ ఇస్తుంది. అక్కడే ఉన్న వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ ‘మేనేజ్’ 2003 నుంచి ఎరువులు, మందుల డీలర్లకు డిప్లొమా నడుపుతోంది. తెలంగాణ విత్తన ధ్రువీకరణ సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన డాక్టర్ కె. కేశవులు 2022లో అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘానికి అధ్యక్షుడయ్యారు. గింజలు లెక్కపెట్టే పనేగా అని తీసిపారేసేవాళ్లకు ఆ మాట చెప్పండి.

ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లలు జీతంతో పాటు ఒకటి అడగాలి: నేను ఎవరికి రిపోర్ట్ చేయాలి? సేల్స్ హెడ్‌కి అంటే ఒకసారి ఆలోచించుకోండి. అమ్మేవాడి కిందే ఆపేవాడుంటే 79 ఏదో ఒక రాత్రి 80 అయిపోతుంది.

నా బెండ గింజల్లో ఇరవై తీసి తడిగుడ్డలో మూటగట్టాను. వారానికి 16 మొలిచాయి. నాలుగు వందలైతే తప్ప లెక్క కాదు, తెలుసు. అయినా కుండీలో నాటేముందు పొట్లం పారేయకుండా లాట్ నంబరున్న ముక్క కత్తిరించి, కరెంటు బిల్లుల క్లిప్పుకు తగిలించాను.