పోయిన సెల్ఫోను, మిగిలిన సంఖ్య

హైదరాబాదు నగరమున లక్డీకాపూల్ అను కూడలి పేరు విననివారు అరుదు. లక్డీ యనగా కఱ్ఱ. పూల్ యనగా వంతెన. ఆ కఱ్ఱవంతెన నేడు లేదు. పేరు మాత్రము మెట్రో స్టేషను పలకమీదను, ఎమ్.ఎమ్.టి.ఎస్. రైలు స్టేషను పలకమీదను, సిటీబస్సుల నొసటను నిలిచియున్నది. పంజగుట్ట, అమీరుపేటల వైపు పోవు విద్యార్థులును, నిలోఫరు ఆసుపత్రికి బిడ్డల నెత్తుకొనివచ్చు తల్లులును, ఆఫీసులు విడిచి యిండ్లకు పోవు ఉద్యోగులును సాయంకాలమగుసరికి ఇచ్చట ఒకరినొకరు త్రోసికొనుచుందురు. రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయమును ఇచ్చటనే యున్నది. అయినను ఆ సామీప్యమువలన జేబుదొంగకు జంకు కలిగినట్లు కానరాదు.

రెండేండ్ల క్రిందట ఒక సాయంకాలమున ఈ వ్యాసకర్త సెల్ఫోను ఈ కూడలిలోనే, బస్సెక్కు తొక్కిడిలో, చొక్కాజేబునుండి మాయమైనది. పోలీసుఠాణాకు పోగా అచ్చటి ఉద్యోగి మర్యాదగానే కూర్చుండబెట్టి, “సార్, ఐ.ఎం.ఇ.ఐ. నంబరు చెప్పండి” అనెను. ఫోను రంగు చెప్పితిని, వెల చెప్పితిని, వెనుకభాగమున గీతపడిన చోటు చెప్పితిని. సంఖ్య చెప్పలేకపోతిని. ఫోను వచ్చిన పెట్టె దసరా పండుగకు బూజు దులుపునప్పుడే పాతకాగితములవాని గంపలోనికి పోయినది. ఇల్లంతయు వెదకగా రసీదు దొరకినది. అందు “మొబైలు – 1” అని వ్రాసి, క్రింద వెల వేసి, దుకాణపు ముద్ర కొట్టియుండెను. బియ్యపు బస్తాకైనను అంతకంటె వివరముగా చీటీ వ్రాయుదురు. నా ప్రక్కన బల్లమీద కూర్చున్న మఱి యిద్దరును సంఖ్య లేకయే వచ్చిన బాపతు. అందొకామె బిడ్డ టీకాల చీటీని ఫోటో తీసి ఫోనులో దాచుకొన్నదట. కాగితము వేఱే లేదు. పోయినది వస్తువే యని మనమందుము గాని, బ్యాంకుఖాతాయు, గ్యాసుబండ బుకింగును, చనిపోయిన తండ్రి కంఠస్వరమును నేడు ఆ యొక్క పలకలోనే యున్నవి.

ఇంతకును ఆ సంఖ్య యెట్టిది? ప్రతి సెల్ఫోనునకును తయారగునప్పుడే పదునైదంకెల గుర్తింపుసంఖ్య నిత్తురు. సిమ్ముకార్డు మార్చినను, యజమాని మారినను అది మారదు. మొదటి 8 అంకెలు తయారీదారును, ఫోను రకమును తెలుపును. తరువాతి 6 అంకెలు ఆ యొక్క ఫోనునకే చెందిన వరుససంఖ్య. కడపటి అంకె లెక్క సరిచూచుటకు చేర్చినది. తక్కిన పదునాల్గంకెలతో ఒక చిన్న గుణకారమును కూడికయు చేసినచో ఆ కడపటి అంకెయే రావలెను. రానిచో వ్రాయుటలో ఎచ్చటనో పొరపాటు పడితిమన్నమాట. ఐ.బి.ఎం. కంపెనీలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ అను నాతడు 1954లో ఈ లెక్కకు అమెరికాలో పేటెంటు కోరెను. బ్యాంకు కార్డుల సంఖ్యలను సరిచూచుటయు ఈ లెక్కతోడనే. రెండు సిమ్ములు పట్టు ఫోనులకు రెండు సంఖ్యలుండును, రెంటిని వ్రాసికొనవలెను.

సంఖ్య నెఱుంగుటకు గొప్ప విద్య యక్కఱలేదు. అంకెలు నొక్కుచోట *#06# అని నొక్కినంతనే తెరమీద కనబడును. పాఠకులు ఈ పత్రికను ప్రక్కన బెట్టి ఇప్పుడే నొక్కి చూచినను మాకభ్యంతరము లేదు. ఫోను పోయిన పిదప మేలుకొన్నవారికిని ఒక దారి కలదు. ఆండ్రాయిడు ఫోను గలవారు మఱియొక ఫోనునుండిగాని కంప్యూటరునుండిగాని తమ గూగులు ఖాతాలో ప్రవేశించి, పోయిన ఫోనును వెదకు పుట తెఱచి, ఫోను పేరు ప్రక్కనున్న వివరముల గుర్తు నొక్కినచో సంఖ్య కనబడును. ఆపిలు ఫోనుల వారికి తమ ఆపిలు ఖాతాలోని పరికరముల పట్టికయందు దొరకును. నాకు నా సంఖ్య దొరకినది ఈ మార్గముననే. మా అమ్మాయి చెప్పువఱకు అట్టి మార్గమొకటి కలదని నేనెఱుగను.

ఈ సంఖ్యతో దొంగ నెట్లు నిలుపుదురనునది తెలిసికొనదగినది. ఫోను పని మొదలిడునప్పుడు టెలిఫోను కంపెనీవారి యంత్రము దాని సంఖ్య నడిగి తెలిసికొనగలదు. ఆ సంఖ్య నిషిద్ధపట్టికలో నున్నచో సేవ నిరాకరించును. పూర్వము ఈ పట్టికలు దేశమంతటికి ఒక్కటిగా లేకపోవుటచే, ఒక కంపెనీ తలుపు మూసినను దొంగ మఱియొక కంపెనీ సిమ్ము వేసికొని వెడలిపోయెడివాడు. అసలు సంఖ్యయే లేని చౌకఫోనులు మన బజారులలో విరివిగా అమ్ముడుపోయిన కాలమును గుర్తుండవచ్చును. 2009 నవంబరు 30 తరువాత అట్టివానికి సేవ నిలుపవలెనని ప్రభుత్వమువారు కంపెనీల నాజ్ఞాపించిరి. దేశమంతటికి ఒక్కటే పట్టిక యుండవలెనను తలంపుతో సి.డాట్ అను ప్రభుత్వసంస్థ సిద్ధపఱచిన సి.ఇ.ఐ.ఆర్. అను కేంద్రపట్టికను 2019లో మొదట మహారాష్ట్రమునను, పిమ్మట ఢిల్లీలోను ప్రవేశపెట్టిరి. 2023 ఏప్రిలులో తెలంగాణమునకు వచ్చినది. ఆ సంవత్సరము మే 17వ తేదీన దేశమంతటను అమలులోనికి వచ్చినది. తెలంగాణమున దీని నిర్వహణభారము సి.ఐ.డి. విభాగమున కప్పగింపబడినది. నిషేధింపబడిన ఫోనులో ఎవరైనను క్రొత్త సిమ్ము వేసినచో ఆ సమాచారము పోలీసులకు చేరును. ఈ విధమున వేలకొలది ఫోనులు తిరిగి యజమానుల చేతికి వచ్చినవి. ప్రభుత్వకార్యములయందు ఆలస్యమును దెప్పుటకే యలవాటుపడిన మా కలమునకు ఈ పని మెచ్చుకొనదగినదిగా తోచినది.

కాని మొదటి రాత్రి చేయవలసిన పనుల వరుస చాలమందికి తెలియదు. అందఱును ముందుగా ఫోనును వెదకుదురు. దొంగ ముందుగా సిమ్మును వెదకును. కావున మొదట మఱియొకరి ఫోనునుండి మీ టెలిఫోను కంపెనీకి చెప్పి సిమ్మును నిలుపుదల చేయింపవలెను. వెంటనే బ్యాంకునకు చెప్పి యు.పి.ఐ. చెల్లింపులను ఆపింపవలెను. సొమ్ము అప్పటికే పోయియున్నచో 1930 అను సంఖ్యకు ఆలస్యము లేక ఫోను చేయవలెను; సొమ్ము ఖాతానుండి ఖాతాకు దుముకుచుండును గనుక అచ్చట గంటలు కాదు, నిమిషములే లెక్క. తరువాత ఠాణాలో ఫిర్యాదు చేసి దాని ప్రతిని తెచ్చుకొని, అదే సంఖ్యతో బదులు సిమ్ము తీసికొనవలెను. సంచార్ సాథీ అను ప్రభుత్వపు వెబ్‌సైటులో నిషేధము కోరునప్పుడు ధ్రువీకరణ సంకేతము సంక్షిప్తసందేశముగా ఆ సిమ్మునకే వచ్చును. బదులు సిమ్ము తీసికొన్నవారికి మోసముల నివారణకై మొదటి 24 గంటలు సందేశములు రాకుండ నిలిపివేయు నియమ మున్నది. సందేశము రాలేదని దుకాణమువానితో ఘర్షణపడిన వారిలో నేనును ఒకడను. ఆ మఱునాడు దరఖాస్తు నింపి, ఫిర్యాదు ప్రతిని, రసీదును, గుర్తింపు కార్డును జతపఱచితిని. దరఖాస్తు సంఖ్య యొకటి యిచ్చిరి. దానిని పోగొట్టుకొనరాదు.

ఇచ్చట ఒక సంగతిని విస్తరించి చెప్పవలసియున్నది. తెరకు తాళము వేసితిమని మనము నిశ్చింతగా నుందుము. దొంగ ఆ తాళము జోలికే పోడు. సూదితో సిమ్మును వెలికి తీసి మఱియొక ఫోనులో వేయును. ఆ క్షణమునుండి బ్యాంకువారు పంపు రహస్యసంఖ్యలు వాని చేతికే వచ్చును. దీనికి విరుగుడు సిమ్మునకే వేయు తాళము. ఫోను అమరికలలో రక్షణకు సంబంధించిన చోట సిమ్ము తాళమని యొకటి కనబడును. దానిని నెలకొల్పినచో సిమ్ము ఏ ఫోనులో వేసినను ముందు నాలుగంకెల సంకేత మడుగును. ఒక్క జాగ్రత్త: మొదటిసారి కంపెనీవారు నిర్ణయించిన సంకేతమునే యియ్యవలెను. అది యేదియో వారినడిగి తెలిసికొనవలెను గాని ఊహించి నొక్కరాదు. మూడుసార్లు తప్పినచో సిమ్ము బిగిసికొనును. అప్పుడు పుక్ అను వేఱొక సంకేతమును కంపెనీనుండి తెచ్చుకొనవలెను. అదియు పదిసార్లు తప్పినచో సిమ్ము పనికిరాదు. చేతిలోని ఫోను లాగికొని పరుగెత్తు దొంగలకై గూగులువారు 2024లో ఒక యేర్పాటు చేసిరి. ఫోను కదలికనుబట్టి అపహరణమని పసిగట్టి తెర తనంతట తానే మూసికొనును. ఇది అమరికలలో ఉండియు నిద్రించుచుండును, మేల్కొలుపవలసినది మనమే.

నా ఫోను సంగతికి వత్తును. ఎనిమిది నెలల తరువాత ఠాణానుండి పిలుపు వచ్చినది. ఫోను దొరకినది, అమీరుపేటలో కంప్యూటరు శిక్షణకు వచ్చిన ఒక విద్యార్థి చేతిలో. అతడు దొంగ కాడు. పాతఫోనుల బేరగానికి ఏడువేలు పోసి కొన్నాడు. “బిల్లుతోటి అయితే వెయ్యి ఎక్కువన్నరు సార్” అని తలవంచుకొని చెప్పెను. ఫోను నాకు వచ్చినది. ఏడువేలు అతనికి రాలేదు. అమ్మినవాని జాడ యెవరికి తెలియును? నా నష్టము నాటితో తీరినది. ఆ నష్టమే పల్లెనుండి వచ్చిన బాలుని నెత్తిపైకి మాఱినదను తలంపు మాత్రము నన్ను విడువలేదు.

ఆ బాలుడు ఒక్క సందేశము పంపియున్నచో మోసపోయెడివాడు కాడు. ఆంగ్లమున కె, వై, ఎం అను మూడక్షరములు వ్రాసి, కొంచెము ఖాళీ విడిచి, ఫోను సంఖ్యను చేర్చి 14422 అను సంఖ్యకు పంపినచో ఆ ఫోను పరిస్థితి తెలియును. నిషిద్ధమనిగాని, అదే సంఖ్య వేఱొక ఫోనునకును కలదనిగాని ప్రత్యుత్తరము వచ్చినచో బేరము విడిచి లేవవలెను. సంఖ్య చూపుటకే అమ్మువాడు వెనుదీసినచో సందేశము సయితము అక్కఱలేదు.

ఈ పట్టికకు దాటరాని గీత లేకపోలేదు. మన దేశపు కంపెనీలు నిషేధించిన ఫోను విదేశమున పనిచేయవచ్చును. 2024 ఏప్రిలులో హైదరాబాదు పోలీసులు ఒక ముఠానుండి ఏడువందలకు పైగా దొంగఫోనులు పట్టుకొన్నప్పుడు, అట్టి ఫోనులు సూడాను దేశమునకు తరలిపోవుచున్నట్లు బయటపడినది. ఇక సంఖ్యనే చెఱిపి క్రొత్తసంఖ్య పొదుగు నేర్పరులు కొందఱు. బ్రిటనులో ఈ పనిని 2002లోనే నేరముగా శాసించిరి. మన 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము దీనికి మూడేండ్ల వఱకు ఖైదుగాని, 50 లక్షల రూపాయల వఱకు జుల్మానాగాని, రెండునుగాని విధించుచున్నది. ఫోను దొరకినదని, లంకె నొక్కి తాళసంకేతము తెలుపుమని యజమానికే సందేశము పంపు టక్కరులును కలరు. నాకు అట్టి సందేశము రెండుసార్లు వచ్చినది. ఠాణావారు లంకెలు పంపి సంకేతము లడుగరు.

సంచార్ సాథీ విషయమున ఇంకొక ముచ్చట. 2025 నవంబరు 28న కేంద్ర టెలికాం శాఖవారు దేశమున అమ్ము ప్రతి క్రొత్త ఫోనునందును ఈ యాపును ముందుగనే చేర్చవలెనని తయారీదారుల నాదేశించిరి. పౌరుల ఏకాంతమునకు భంగమని దేశమంతట అలజడి చెలరేగగా డిసెంబరు 3న ఆ యాజ్ఞను ఉపసంహరించుకొనిరి. ఉపసంహరణమే సమంజసమని మా అభిప్రాయము. ఈ సేవవలన మేలు పొందినవాడనై యుండియు ఈ మాట వ్రాయుచున్నాను. కావలివాడు మంచివాడైనను గడపలోనికి అతనిని పిలువవలసినది గృహస్థుడే. మేలు నిజమైనచో ప్రజలే కోరి తెచ్చుకొందురు. కావలసినది వారికి తెలియజెప్పువారు.

ప్రభుత్వమువారికి నిజముగా బలవంతపెట్టు కోరికయే యున్నచో అమ్మకపు దుకాణములవైపు చూడవచ్చును. ప్రతి రసీదుమీదను పదునైదంకెలును, రెండు సంఖ్యలున్నచో రెండును, చదువుటకు వీలుగా అచ్చు వేయింపవలెను. లక్డీకాపూల్ మెట్రో మెట్లవద్ద 1930 అను సంఖ్యను, *#06# అను గుర్తును పెద్దయక్షరములతో తెలుగునను ఉర్దూనను వ్రాయించిన పలక యొకటి నిలిపిన చాలును. దానికయ్యెడి వ్యయము ఒక మంచి ఫోను వెలకంటె మించదు.