నీలికోటు తొడిగిన కుందేలు

శిశువుల కొఱకు బొమ్మల పుస్తకములను చిత్రించువారి వృత్తి చూపునకు సులభముగా తోచును గాని, అందు చేయితిరిగినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. ఏలయన, అక్షరము నెఱుగని పసివాడు, పెద్దలు చదివి వినిపించు మాటలు ఒక చెవిని బడుచుండగనే, బొమ్మలోని జంతువు నిలిచిన తీరును, దాని చెవుల వాలును, కన్నుల బెదరును తానై చదువుకొని కథను మనస్సున కట్టుకొనును గనుక, చిత్రకారుడు చేసిన చిన్న యసత్యము సయితము వానికడ దాగదు. ఇంగ్లండు దేశీయురాలగు బియాట్రిక్స్ పాటర్ ఈ సంగతిని బాగుగా నెఱిగినది. ఆమె గీచిన కుందేలు నీలికోటు తొడిగికొని, రెండు కాళ్ళపై నిలిచి, పరుల తోటలో ముల్లంగి నమలుచున్నను, ఆ కోటు క్రింద నున్నది అచ్చమైన కుందేలే.

1866 జూలై 28వ తేదీన లండను నగరమందు, సౌత్ కెన్సింగ్టన్ పేటలో, ఒక సంపన్న కుటుంబమున ఆమె జన్మించెను. తాతగారు అద్దకపు బట్టల కర్మాగారము నడపి విస్తారముగా ధనమార్జించిరి. తండ్రి రూపర్ట్ బారిష్టరు పట్టా పొందియు, ఛాయాచిత్రములు తీయుటయందే మక్కువ చూపెను. బాలిక బడికి పోలేదు. ఇంటికి వచ్చు ఉపాధ్యాయినుల యొద్ద చదువుచు, మేడమీది గదిలో తమ్ముడు బెర్ట్రామ్‌తో కూడి కుందేళ్ళను, ఎలుకలను, కప్పలను, గబ్బిలములను, ముళ్ళపందిని పెంచుచు కాలము గడపెను. ఆ ప్రాణులలో నేదియైన చచ్చినచో వారు విలపించి యూరకుండలేదు. కళేబరమును నీళ్ళలో ఉడికించి, ఎముకలను వేరుచేసి, అస్థిపంజరము నెదుట నుంచుకొని బొమ్మలు వేసిరి. ఈ మాట విని ముక్కున వేలు వేసుకొనువా రుందురు గాని, పిల్లల బొమ్మలనగా బూరెబుగ్గలును దొంగచూపులునే గదా యని తలచి గీచువారు ఒక్కసారియైన ఆ పని చేసియుండిన బాగుండునని నాకు తోచును.

యౌవనమున ఆమె దృష్టి పుట్టగొడుగుల వైపు మరలెను. వేసవిలో కుటుంబము స్కాట్లండునకు పోవుచుండుటచే, అచ్చట తపాలా ఉద్యోగము చేసి స్వయంకృషిచే ప్రకృతిశాస్త్రమున ప్రావీణ్యము గడించిన చార్లెస్ మాకింటోష్ అను నాతనితో పరిచయ మేర్పడెను. అతడు అరుదైన శిలీంధ్రములను సేకరించి పంపుటయు, ఆమె వానికి వర్ణచిత్రములు వ్రాసి పంపుటయు జరుగుచుండెను. సూక్ష్మదర్శినితో సిద్ధబీజముల మొలకలను పరిశీలించి ఆమె రచించిన వ్యాసము, 1897 ఏప్రిల్ 1వ తేదీన లండను నందలి లిన్నేయన్ సొసైటీ సభకు సమర్పింపబడెను. ఆ సభలలో స్త్రీలకు ప్రవేశము లేకుండుటచే, క్యూ ఉద్యానవనమున పనిచేయు జార్జ్ మాసీ అను శాస్త్రజ్ఞుని ద్వారా దానిని సమర్పింపవలసి వచ్చెను. పిమ్మట ఆమె దానిని ఉపసంహరించుకొనెను. శాస్త్రలోకపు తలుపు ఇట్లు మూసికొనుటవలననే మనకు కుందేలు దక్కినదని కొందఱు మురియుదురు గాని, ఆ కుందేలు అప్పటికే పుట్టియున్నది.

1893 సెప్టెంబరు 4వ తేదీన, తనకు పూర్వము చదువు చెప్పిన యువతి కుమారుడు, నోయెల్ అను ఐదేండ్ల బాలుడు, జబ్బుపడి యుండగా, వానికి ఉత్తరమున వ్రాయుటకు వార్త యేదియు తోచక, తన పెంపుడు కుందేలు పేరనే ఒక కథ కల్పించి, వాక్యముల నడుమ కలముతో బొమ్మలు గీచి ఆమె పంపెను. ఏండ్లు గడచిన పిమ్మట ఆ యుత్తరమును తిరిగి యడిగి తెప్పించుకొని, పెంచి, పుస్తకముగా కూర్చి ప్రకాశకులకు చూపగా, వారందఱును త్రోసిపుచ్చిరి. పెద్ద పుస్తకము కావలెనని కొందఱడిగిరి. పిల్లల చేతిలో నిముడునంత చిన్నదిగాను, తక్కువ వెలకు దొరకునదిగాను ఉండవలెనని ఆమె పట్టు విడువలేదు. తుదకు 1901 డిసెంబరులో తన ఖర్చుతో 250 ప్రతులు అచ్చువేయించుకొనెను. అది చూచిన తరువాత, మొదట నిరాకరించిన ఫ్రెడరిక్ వార్న్ సంస్థవారే, బొమ్మల కన్నిటికి రంగులు వేసినచో ప్రకటింతుమని ముందునకు వచ్చిరి. 1902 అక్టోబరులో వెలువడిన పీటర్ రాబిట్ కథ వెల ఒక షిల్లింగు. ఆ సంవత్సరము ముగియునప్పటికే 28,000 ప్రతులు అచ్చయ్యెను.

ఆ పుస్తకమున ఒక ఘట్టమును నిదానించి చూడవలెను. తోటమాలి మెక్‌గ్రెగర్ తఱుముచుండగా పీటర్ ఒక జోడును క్యాబేజీల నడుమను, రెండవదానిని బంగాళదుంపల నడుమను పోగొట్టుకొని, అటుపిమ్మట నాలుగు కాళ్ళపై పరుగెత్తి వేగము పుంజుకొనును. కోటుకున్న పెద్ద యిత్తడి గుండీలు వలలో తగులుకొనగా, కోటును గూడ విడిచి తప్పించుకొనును. జోళ్ళును కోటును ఉన్నంతవఱకు మన యింటి తుంటరివాని వలె నిట్టనిలువుగా తిరిగినవాడు, అవి పోయినంతనే వెన్ను వంచి, నేలకు దిగి, ప్రాణభీతితో పరుగిడు నడవిజంతువగును. ఈ మార్పు చూపఱకు ఎబ్బెట్టుగా తోపదు. ఏలయన, కోటు తొడిగినప్పుడును ఆ భుజముల వంపు, తొడల యెముక నిలిచిన చోటు కుందేలువే. తోటమాలి ఆ బట్టలను దిష్టిబొమ్మకు తొడుగును. తండ్రి అదే తోటలో పట్టుబడి వంటకమైన సంగతి తల్లి మొదటనే పిల్లలకు దాపరికము లేక చెప్పును; ఆ కథకురాలి నిర్మొగమాటమును పిల్లలు మెచ్చినంతగా పెద్దలు మెచ్చరు.

ఆమెకు మిక్కిలి ప్రియమైన గ్లాస్టర్ దర్జీ కథ కొఱకు, దగ్గఱలోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియమునకు పోయి, పదునెనిమిదవ శతాబ్దపు కుట్టుపని వస్త్రములను ఎదుట బెట్టుకొని చిత్రించెను. ఎలుకలు కుట్టు ఆ చిన్న పొట్టికోటుపైని పూవులు మ్యూజియములోని కోటుపైనివే. వ్యాపారమునందును ఆమె అమాయకురాలు కాదు. అమెరికాలో ప్రకాశకులు గ్రంథస్వామ్యము నమోదు చేయకపోవుటచే అచ్చట దొంగప్రతులు వెలువడెను. స్వదేశమున మాత్రము 1903లోనే తన కుందేలు ఆటబొమ్మకు స్వయముగా పేటెంటు పొందెను.

1905లో ప్రకాశక కుటుంబమునకు చెందిన నార్మన్ వార్న్, ఆమె పుస్తకముల బాధ్యత వహించిన యాతడు, వివాహమాడ గోరగా ఆమె సమ్మతించెను. వ్యాపారస్థునితో వియ్యము తమ అంతస్తునకు తగదని తలిదండ్రులు అడ్డుపడిరి. అద్దకపు సొమ్ముతో పెరిగిన యింట ఈ యభ్యంతరము వినవలసివచ్చుట వింతయే. నెల తిరుగకముందే, ఆగస్టు 25న, నార్మన్ రక్తవ్యాధిచే మరణించెను. ఆమె పుస్తకములపై వచ్చిన ధనముతోను, బంధువురాలొకతె వదలిపోయిన సొమ్ముతోను, అదే యేట లేక్ డిస్ట్రిక్ట్ అను కొండల సీమయందు నియర్ సారీ గ్రామమున హిల్ టాప్ అను వ్యవసాయక్షేత్రమును కొనెను. తరువాతి పుస్తకములలో పిల్లులు ఎక్కు మెట్లును, ఎలుకలు దూరు వంటగదియు ఆ యింటివే.

భూముల క్రయవిక్రయములలో తోడ్పడిన న్యాయవాది విలియం హీలిస్‌ను 1913లో, తన నలువది యేడవ యేట, ఆమె పెండ్లాడెను. కంటిచూపు తగ్గుచు వచ్చుటచే బొమ్మలు అరుదయ్యెను. హెర్డ్‌విక్ జాతి గొఱ్ఱెల పెంపకము ఆమె దినచర్య యయ్యెను. ఊరివారికి ఆమె రచయిత్రి కాదు, గొఱ్ఱెల సంతలో బేరమునకు లొంగని శ్రీమతి హీలిస్. 1943 డిసెంబరు 22న ఆమె మరణింపగా, 4,000 ఎకరములకు పైబడిన భూమి నేషనల్ ట్రస్టు అను సంరక్షణ సంస్థకు చెందెను. కొండ పొలములలోని మందలు శుద్ధమైన హెర్డ్‌విక్ జాతివిగనే యుండవలెనని వీలునామాలో వ్రాసిపెట్టెను. పుట్టగొడుగుల చిత్రములను ఆంబుల్‌సైడ్ నందలి ఆర్మిట్ గ్రంథాలయమునకు ఒసగెను. 1967లో ఫిండ్లే అను శిలీంధ్రశాస్త్రవేత్త, వనమార్గములలో కనబడు పుట్టగొడుగులను గూర్చి గ్రంథము రచించుచు, అందు పటములుగా వేయుటకు ఆ చిత్రములలో 59 ఎంచుకొనెను.