జవాబు ఏ పంక్తిలో ఉన్నది?



ప్రతి సంవత్సరము పై తరగతుల పిల్లలు మమ్ము అడుగు ప్రశ్న యొకటి కలదు: "అయ్యా, మేము తెలుగు మాధ్యమమున చదివితిమి. విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలోని ఆంగ్లపత్రమును వ్రాయగలమా?" వారి వెంట వచ్చిన తల్లిదండ్రుల ముఖములయందును ఆ సందేహమే కానవచ్చుచుండును. మేము తెలుగు చెప్పువారమే గాని ఆంగ్లము చెప్పువారము కాము. అయినను చదివి గ్రహించుట అన్ని భాషలకును సమానమైన విద్య గనుక, మాకు తోచినది ఇట వ్రాయుచున్నాము.

కేంద్రీయ విశ్వవిద్యాలయములలోని పట్టభద్ర తరగతుల ప్రవేశమునకై 2022 నుండి ఒక ఉమ్మడి పరీక్ష నడుపబడుచున్నది. దానిని సి.యు.ఇ.టి. అందురు. తిరువారూరులోని తమిళనాడు కేంద్రీయ విశ్వవిద్యాలయమున చేరుటకును ఇదియే మార్గము. ఇందు శాస్త్రము, చరిత్ర మొదలైన విషయములను 13 భాషలలో దేనియందైనను వ్రాయవచ్చును; వానిలో తెలుగు ఒకటి. ఆంగ్లభాషాపత్రమును మాత్రము ఆంగ్లముననే వ్రాయవలెను. 2025వ సంవత్సరపు నియమముల ప్రకారము 60 నిమిషములలో 50 ప్రశ్నలకు జవాబులు గుర్తింపవలెను. ఒప్పునకు 5 మార్కులు. తప్పునకు 1 మార్కు తగ్గింతురు. గద్యభాగములనిచ్చి వానిపై ప్రశ్నలడుగుట ఈ పత్రమున ముఖ్యాంశము.

పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో మేమును ఇట్టి పరీక్ష యొకటి వ్రాసితిమి. గద్యభాగము చెరకు సాగును గూర్చినది. మేము పల్లెటూరివారము, చెరకును బాగుగా ఎరుగుదుము. కావున గద్యమును పైపైన చూచి, మాకు తెలిసినదానినే జవాబుగా గుర్తించితిమి. అయిదింటిలో మూడు తప్పిపోయినవి. ఆ గద్యమున ఏమి చెప్పబడినదో అదియే వారు అడిగిరి గాని, చెరకును గూర్చి మాకేమి తెలియునో అడుగలేదు.

మన ప్రాంతమునుండియే ఉదాహరణము చూతము. ఒక ఆంగ్లగద్యము యొక్క భావము ఇట్లున్నదనుకొనుడు: "కుశస్థలి నదిపై పూండి జలాశయము 1944లో చెన్నపట్టణపు త్రాగునీటికై నిర్మింపబడినది. 1996లో కండలేరు కాలువ ద్వారా కృష్ణాజలమును వచ్చి చేరినది. అయితే ఆ కాలువలో నీరు ఎల్లకాలము ప్రవహింపదు."

ప్రశ్న: 1996లో కలిగిన మార్పేమి? జవాబులు నాలుగు: (1) జలాశయము నిర్మింపబడినది. (2) నీటికొరత పూర్తిగా తీరినది. (3) మరియొక నీటి ఆధారము సమకూరినది. (4) తిరువళ్లూరు రైతుల పొలములు పండినవి.

మొదటిది గద్యములోని సంగతియే గాని ఆ సంవత్సరమునకు చెందదు. రెండవదానిలో "పూర్తిగా" అను మాట గద్యమున లేదు. పైగా చివరి వాక్యము దానికి విరుద్ధము. నాలుగవది గద్యమున ఎక్కడను లేదు. పూండిని చూచిన పిల్లవాడు ఊహించి గుర్తించునట్టిది. మూడవదియే సరియైనది. "మరియొక ఆధారము" అను మాటలు గద్యమున లేకున్నను భావము ఉన్నది. తప్పు జవాబులు తరచుగా గద్యములోని మాటలనే ధరించి వచ్చును. ఒప్పు జవాబు వేరు మాటలతో వచ్చును. దీనిని మరువకుడు.

ఇక చదువు విధము. మొదట ప్రశ్నలను ఒకసారి చూడుడు. పిమ్మట గద్యమును ఆగక చదువుడు. ప్రతి పదమును తెలుగులోనికి మార్చుచు పోయిన కాలము చాలదు; లెక్క చూచిన ఒక్కొక్క ప్రశ్నకు దక్కునది 72 సెకండ్లే. తెలుగున క్రియ వాక్యాంతమున నుండును. ఆంగ్లమున కర్తను వెన్నంటి వచ్చును. కావున పెద్ద వాక్యము ఎదురైనప్పుడు ఎవరు, ఏమి చేసిరి అను రెంటిని ముందు పట్టుకొనుడు. తక్కినవి వానికి చేరుకొనును. "బట్", "హవెవర్", "అన్‌లెస్", "ఓన్లీ", "నాట్" అను చిన్నమాటల క్రింద గీత గీయుట అభ్యసింపుడు. అర్థమును త్రిప్పివేయునవి ఇవియే.

తెలియని పదము వచ్చిన భయపడవలదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము ఆంధ్రప్రదేశమునుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. అప్పటినుండి మన పిల్లలు ఇంట తెలుగును, వీధిలో తమిళమును వినుచు పెరుగుచున్నారు. సంతలో తెలియని తమిళపదము వినబడినప్పుడు మీరు నిఘంటువును వెదకుదురా? ముందువెనుకల మాటలనుబట్టి గ్రహింతురు. ఆ నేర్పునే ఆంగ్లగద్యమునందును వినియోగింపుడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీకు ఆంగ్లము రాకున్నను బిడ్డకు తోడ్పడగలరు. దినమునకు ఒక గద్యభాగమును చదివించి, దాని సారమును తెలుగున చెప్పుమనుడు. మీకు బోధపడినచో వానికి బోధపడినట్లే. పిమ్మట ప్రతి జవాబునకును, "ఆ మాట ఏ పంక్తిలో ఉన్నది? వ్రేలు పెట్టి చూపుము" అని అడుగుడు. చూపలేనిచో మరల చదివింపుడు. దీనికి రుసుము లేదు, పట్టణమునకు పోవలసిన పని లేదు. ఒక అరగంట తీరిక చాలును.

ఒక్క దినమున ఫలితము కనబడదు. నేడు ఒక గద్యముతో ప్రారంభింపుడు; తప్పిన ప్రశ్నలను ఒక పుస్తకమున వ్రాసి, ఎందుచేత తప్పినదో ప్రక్కనే వ్రాసికొనుడు. నెల గడచిన పిమ్మట ఆ పుస్తకమును మాకు తెచ్చి చూపుడు. కలిసి చూతము.