నాన్నకు ఎడారి చూపిద్దామని...

రియాద్‌లో డిసెంబరు వచ్చిందంటే మన ఊళ్లో సంక్రాంతి ముందు రోజుల సందడే. పిల్లలకు సెలవులు, పగలు హాయైన ఎండ, రాత్రి స్వెట్టర్లు వెతుక్కునే చలి. ఊరి నుంచి చుట్టాలు విజిట్ వీసా మీద దిగేదీ ఈ రోజుల్లోనే. వచ్చినవాళ్లను మాల్స్ అన్నీ తిప్పుతాం, బత్‌హాలో షాపింగ్ చేయిస్తాం, బిర్యానీ తినిపిస్తాం. ఇంత చేశాక వాళ్లడిగేది ఒక్కటే... "ఇంతకీ ఎడారి ఎక్కడ?"

పోయిన డిసెంబరులో వచ్చిన మా నాన్నయితే ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికొచ్చే దారిలోనే అడిగాడు. అనంతపురం జిల్లాలో వేరుశనగ సేద్యం చేసిన మనిషి. డెబ్బై రెండేళ్లకు తొలిసారి పాస్‌పోర్ట్ తీసుకున్నాడు. పదిహేడేళ్ల కిందట నేను సౌదీ ఎందుకొచ్చానో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మా చేలో నాలుగు బోర్లు వేశాం. మూడింట్లో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. నాలుగోది రెండేళ్లు నీళ్లు పోసి ఆగిపోయింది. ఆ అప్పులన్నీ ఇక్కడి రియాళ్లతోనే తీరాయి. అయినా ఆ మాట మా ఇద్దరి మధ్య ఏనాడూ రాలేదు.

ఇప్పుడు ఊళ్లో తమ్ముడు ఐదో బోరు వేద్దామంటున్నాడు. డబ్బు సంగతి నాన్న వచ్చాక మాట్లాడదామని ఫోన్‌లో చెప్పి ఊరుకున్నాను.

ఎర్ర ఇసుకలో తెలిసిన మొహాలు

శుక్రవారం పొద్దున్నే పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో టీ సర్దుకుని మక్కా రోడ్డు పట్టాం. సౌదీలు చలికాలంలో ఇలా ఎడారిలోకి వెళ్లి గడిపి రావడాన్ని 'కష్తా' అంటారు. మన వనభోజనాలకు ఎడారి రూపం అనుకోండి!

దారిలో తువైక్ కొండ దిగాలి. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 800 కిలోమీటర్లు విల్లులా సాగిన సున్నపురాతి కొండ వరుస ఇది. రియాద్‌కు వాయవ్యంగా మనవాళ్లంతా ఫొటోలు దిగే 'ఎడ్జ్ ఆఫ్ ది వరల్డ్' కూడా దీని అంచే. డైనోసార్లు తిరిగిన కాలంలో ఇదంతా సముద్రపు అడుగు. "సముద్రమా! ఈడనా?" అని నాన్న కారు అద్దం దించి మరీ చూశాడు.

కొండ దిగాక వస్తాయి ఎర్ర ఇసుక తిన్నెలు. రేణువుల మీద ఇనుప తుప్పు పూత ఉండటం వల్లే ఆ రంగు. పిల్లలు క్వాడ్ బైకుల వైపు పరుగెత్తారు. నాన్న మాత్రం చెప్పులు విప్పి, రోడ్డు పక్కనున్న ఒక పొద దగ్గరికి నడిచాడు.

"ఒరే, ఇది జిల్లేడు కదరా!"

అవును, జిల్లేడే. ఇంకాస్త ముందుకెళ్తే తుమ్మ చెట్టు కనిపించింది. పల్లంలో ఉన్న సిద్ర్ చెట్టును చూసి "రేగు" అన్నాడు. నిజమే, అది మన రేగుకు దాయాదే. నేను ఎడారి చూపిద్దామని తీసుకెళితే, ఆయన మా చేను గట్టు మీదున్న చెట్లన్నీ నాకు చూపించాడు. తర్వాత కూర్చుని చేత్తో ఇసుక తవ్వాడు. జానెడు లోతులో తడి తగిలింది.

"ఈ మధ్య వాన పడిందా?"

నాకు గుర్తు లేదు. పదిహేడేళ్లలో ఇక్కడి ఇసుకను తవ్వి చూడాలని ఒక్కసారి కూడా తోచలేదు మరి!

రియాద్‌లో ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్లు, మన అనంతపురంలో సుమారు 550 అని చెప్పాను. "మరి ఇంత పట్నానికి నీళ్లెట్లరా?" అన్నాడు. గల్ఫ్ తీరంలో జుబైల్ లాంటి చోట్ల సముద్రపు నీటిలోని ఉప్పు తీసేసి, 400 కిలోమీటర్లకు పైగా పైపుల్లో ఎక్కించి తెస్తారని చెప్పాను. సాయంత్రం ఇంటికొచ్చాక కొళాయి తిప్పి, ఆ ధార వంక కాసేపు చూస్తూ నిలబడ్డాడు.

ఖర్జ్ గుంతల దగ్గర

రైతు కదా, పొలాలు చూస్తే సంతోషిస్తాడని మర్నాడు అల్ ఖర్జ్ తీసుకెళ్లాం. రియాద్‌కు ఆగ్నేయంగా గంట పైచిలుకు ప్రయాణం. ఖర్జూరపు తోటలు, పాడి పరిశ్రమలు ఉన్న ప్రాంతం. అక్కడ చూడాల్సినవి మరొకటి ఉన్నాయి. సున్నపురాయి కుంగి ఏర్పడ్డ పెద్ద పెద్ద గుంతలు. ఒకప్పుడు అవి నిండుగా ఊరే నీటి బావులు. ఆ నీళ్లతోనే చుట్టుపక్కల తోటలు పండేవి. 1940లలో వాటికి పంపులు బిగించి పొలాలకు తోడారు. తర్వాత చుట్టూ లోతు బోర్లు పెరిగాయి. ఇప్పుడా గుంతలు ఎండిపోయి ఉన్నాయి.

గోధుమల కథ కూడా చెప్పాను. 1980లలో సౌదీ భూగర్భ జలాలు తోడి ఎడారిలో గోధుమ పండించింది. 1990ల మొదట్లో ప్రపంచంలోని పెద్ద ఎగుమతిదారుల్లో ఒకటిగా నిలిచింది. ఆ నీళ్లు వేల ఏళ్ల కిందటి వానలవి. వాడితే మళ్లీ నిండేవి కావు. ఆ సంగతి గ్రహించి 2008లో సాగు తగ్గించే నిర్ణయం తీసుకున్నారు. 2016 నాటికి ప్రభుత్వం రైతుల దగ్గర గోధుమ కొనడమే ఆపేసింది. ఆ తర్వాత మళ్లీ కొన్నా, అది పరిమితంగానే.

నాన్న ఏమీ అనలేదు. ఒక గులకరాయి తీసి గుంతలోకి విసిరి చెవి ఒగ్గాడు. మన పల్లెల్లో బావిలో నీళ్లున్నాయో లేవో తెలుసుకునే పద్ధతే అది. రాయి రాతి మీద పడిన చప్పుడు వచ్చింది.

"ఇంత డబ్బున్నోళ్ల బాయి కూడా ఎండిపాయనా" అన్నాడు. కాసేపాగి, గుంతలోకే చూస్తూ, "నాలుగో బోరు వద్దని మీ అమ్మ శానా చెప్పింది. నేనే వినల్యా. నువ్వు ఈడికి రావాల్సొచ్చె" అన్నాడు.

పదిహేడేళ్లుగా ఆయన ఆ మాట మోస్తున్నాడని నాకు తెలియదు. ఏం చెప్పాలో తోచక "చలిగా ఉంది, టీ తాగుదాం రా నాన్నా" అన్నాను. ఫ్లాస్కులో టీ ఇంకా వేడిగానే ఉంది.

మీరూ బయల్దేరుతున్నారా?

ఒంటరి కారులో ఇసుకలోకి దిగకండి. కనీసం రెండు ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లు ఉండాలి. టైర్లలో గాలి తగ్గించి, మళ్లీ నింపుకోవడానికి పంపు దగ్గరుంచుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి. దూరంలో మబ్బు పట్టినా వాగుల్లో గుడారం వేయొద్దు. వరద చెప్పి రాదు. మంటకు కట్టెలు ఇంటి నుంచే తీసుకెళ్లండి, అక్కడి చెట్లు నరకడం నేరం. చెత్త సంచీ మర్చిపోకండి. వీలైతే ఎవరైనా పెద్దాయన్ను వెంట తీసుకెళ్లండి, చెట్ల పేర్లు చెబుతాడు.

నాన్న ఫిబ్రవరిలో తిరిగి వెళ్లిపోయాడు. ఐదో బోరు మాట ఆయనే ఆపేశాడు. ఆ డబ్బులో కొంతతో చేను పల్లంలో నీటి కుంట తవ్వించారు. మొదటి వాన పడి కుంటలో నీళ్లు నిలిస్తే ఫొటో పంపుతానన్నాడు తమ్ముడు. ఫోన్ చేసినప్పుడల్లా నేనూ మొదట అదే అడుగుతున్నాను.

"వాన పడిందా?"