సొంతంగా చెన్నై చూడాలంటే.. బస్సు ఎక్కడ ఆగుతుంది, ఏ రైలు ఎటు వెళ్తుంది?

కురబలకోట, మదనపల్లె వైపు నుంచి చెన్నై వెళ్లేవారు టికెట్ గురించి పట్టించుకున్నంతగా దిగే చోటు గురించి పట్టించుకోరు. చాలామందికి చెన్నై బస్టాండ్ అంటే ఇప్పటికీ కోయంబేడే. ఆంధ్ర బస్సుల కోసం 2018 అక్టోబరులో మాధవరంలో వేరే బస్టాండ్ తెరిచారు. తమిళనాడు దక్షిణ జిల్లాల బస్సుల కోసం 2023 డిసెంబరులో నగరానికి మరో కొసన కిలాంబాక్కం వచ్చింది. తెల్లవారుజామున పిల్లలతో, సామానుతో ఒకచోట దిగాల్సింది ఇంకోచోట దిగితే ఆటోకు అడిగినంత ఇచ్చుకోవాల్సిందే.

అందుకే టికెట్ తీసుకునేటప్పుడే 'డ్రాపింగ్ పాయింట్' చూసుకోండి. చిత్తూరు, రాణిపేట మీదుగా వెళ్లే బస్సుకు, తిరుపతి మీదుగా వెళ్లే బస్సుకు నగరంలోకి వచ్చే దారులే వేరు. కోయంబేడులో దిగితే పక్కనే మెట్రో స్టేషన్ ఉంటుంది. మాధవరంలో దిగితే సెంట్రల్ వైపు సిటీ బస్సు పట్టుకోవడం మేలు.

రైలు కుదరదా?

కుదురుతుంది, కానీ మధ్యలో మారాలి. కురబలకోట స్టేషన్ ధర్మవరం-పాకాల మార్గంలో ఉంది. పాకాల దాటాక తిరుపతి వైపో, కాట్పాడి వైపో వెళ్లి చెన్నై రైలు ఎక్కాలి. తిరుపతి నుంచి సప్తగిరి ఎక్స్‌ప్రెస్ లాంటివి ఉన్నాయి. కుప్పం వారికి ఈ ఇబ్బంది లేదు, వారి స్టేషన్ బెంగళూరు-చెన్నై మార్గంలోనే ఉంది. పుంగనూరు వారికి మాత్రం బస్సే దిక్కు.

మహిళలకు ఉచిత ప్రయాణం వర్తిస్తుందా?

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం రాష్ట్ర సరిహద్దు దాటే బస్సులకు వర్తించదు. చిత్తూరు దాకా ఎక్స్‌ప్రెస్‌లో ఉచితంగా వెళ్లి అక్కడ చెన్నై బస్సు మారొచ్చు. సామాను ఎక్కువైతే ఆ ఆదా వద్దనిపిస్తుందనుకోండి! చెన్నైలో దిగాక సంగతి వేరు. అక్కడ సిటీ ఆర్డినరీ బస్సుల్లో 2021 మే నుంచి మహిళలకు టికెట్ డబ్బు లేదు. ఆధార్ చూపాల్సిన పనీ లేదు. ముందూ వెనుకా గులాబీ రంగు వేసినవి ఈ బస్సులే. మిగతా రకాల బస్సుల్లో మాత్రం డబ్బు ఇవ్వాలి.

బస్సు బోర్డు తమిళంలో ఉంటుందని కంగారు పడొద్దు. రూట్ నంబర్ అంకెల్లోనే ఉంటుంది. గూగుల్ మ్యాప్స్‌లో వెళ్లాల్సిన చోటు పెడితే ఆ నంబర్ చూపిస్తుంది. ఊరి పేరు కన్నా నంబర్ గుర్తుపెట్టుకుంటే చాలు.

నగరంలో ఎలా తిరగాలి?

మెట్రోలో రెండు లైన్లు గుర్తుంచుకోండి. నీలం లైను ఉత్తరాన వింకో నగర్ నుంచి సెంట్రల్ మీదుగా ఎయిర్‌పోర్టుకు, ఆకుపచ్చ లైను సెంట్రల్ నుంచి కోయంబేడు మీదుగా సెయింట్ థామస్ మౌంట్‌కు వెళ్తాయి. రెండూ సెంట్రల్, ఆలందూరుల్లో కలుస్తాయి.

సముద్రం చూడాలనుకునేవారికి మెట్రో కన్నా పాత లోకల్ రైలే పనికొస్తుంది, పైగా చాలా చౌక. సెంట్రల్ పక్కనే ఉన్న పార్క్ టౌన్ స్టేషన్‌లో వేళచ్చేరి వైపు వెళ్లే రైలు ఎక్కితే చేపాక్, తిరువల్లిక్కేణి, లైట్ హౌస్ స్టేషన్లు వరసగా వస్తాయి. ఈ మూడింట్లో ఎక్కడ దిగినా మెరీనా దగ్గరే. ఇంకాస్త ముందుకెళ్తే తిరుమయిలై, అంటే మైలాపూర్ కపాలీశ్వరాలయం. ఎక్కేముందు పెట్టె మీద బోర్డు చూడండి. ఫస్ట్ క్లాస్‌లో మామూలు టికెట్‌తో దొరికితే జరిమానా తప్పదు.

అదే రైలు రెండోవైపు బీచ్ స్టేషన్ దాకా వెళ్తుంది. ఎదురుగా ఉన్నదే చెన్నై పోర్టు. లోపలికి మామూలు సందర్శకులను వదలరు. ఆ ముందు వచ్చే ఫోర్ట్ స్టేషన్‌లో దిగితే సెయింట్ జార్జ్ కోట చూడొచ్చు. సచివాలయం అందులోనే ఉంది కాబట్టి గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. మన వైపు వారికి ఆ కోటతో ఒక చుట్టరికం ఉంది. 1639లో ఆంగ్లేయులకు ఆ స్థలం ఇచ్చింది చంద్రగిరి రాజుల కింద నాయకుడైన దామెర్ల వెంకటాద్రి. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అన్నారు.

కోటలోని మ్యూజియం, ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియం రెండింటికీ శుక్రవారమే సెలవు. చాలామంది సరిగ్గా ఆ రోజే వెళ్లి వెనక్కి వస్తుంటారు. చేపల రేవు చూడాలంటే కాసిమేడుకు తెల్లవారకముందే వెళ్లాలి, ఎండెక్కితే సందడి సగం అయిపోతుంది.

మెరీనాలో ఏం జాగ్రత్త?

మెరీనా అంత వెడల్పుగా ఉండటానికి ఈ పోర్టే కారణం. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రేవు గోడలు కట్టాక, దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక అక్కడ ఆగి మేట వేసింది. ఉత్తరాన రాయపురం వైపు మాత్రం తీరం కోతకు గురైంది. ఇసుక మీద ఎంతసేపైనా కూర్చోండి. స్నానానికి మాత్రం దిగొద్దు. పోలీసులు నిషేధించారు కూడా. మోకాళ్ల లోతులో నిలబడినవారినీ అల వెనక్కి లాగేస్తుంది. సెలవు రోజుల్లో అక్కడ ప్రాణాలు పోగొట్టుకునేవారిలో ఈత రాని కుర్రాళ్లు ఉంటున్నారు. ఆపద వస్తే 112కు, అంబులెన్స్‌కు మన దగ్గరలాగే 108కు ఫోన్ చేయాలి.

తిరుగు బస్సు రాత్రిదైతే సామాను ఎక్కడ పెట్టాలన్నది ముందే తేల్చుకోండి. సెంట్రల్ స్టేషన్ క్లోక్ రూమ్‌లో తాళం వేసిన సామానే తీసుకుంటారు, రైలు టికెట్ కూడా అడుగుతారు. మెట్రో రాత్రి 11 గంటల వరకే. బస్సు ఎక్కడ దిగామో అక్కడే ఎక్కాలని లేదు. బోర్డింగ్ పాయింట్ కూడా ఒకసారి చూసుకుని బయల్దేరండి.